గడప దాటాక ఎవరున్నారు: ఫార్సీ మాట్లాడే స్త్రీలకు అందుతున్న అండ

2009 జూన్ 30న కెనడాలోని కింగ్‌స్టన్ దగ్గర రిడో కాలువలో ఒక నిస్సాన్ కారు మునిగి కనిపించింది. లోపల నాలుగు శవాలున్నాయి. 19 ఏళ్ల జైనబ్, 17 ఏళ్ల సహర్, 13 ఏళ్ల గీతి అక్కచెల్లెళ్లు. నాలుగో మనిషి రోనా అమీర్ మొహమ్మద్, వాళ్ల తండ్రి మొదటి భార్య. ఆమెకు పిల్లలు పుట్టలేదని అతను రెండో పెళ్లి చేసుకున్నాడు. అఫ్గానిస్తాన్ నుంచి దేశాలు తిరిగి ఆ కుటుంబం మాంట్రియల్‌లో స్థిరపడ్డాక, 2007లో రోనాను బంధువుగా చూపించి విజిటర్ వీసా మీద రప్పించారు. అది హత్యేనని రుజువై, 2012 జనవరిలో తండ్రికీ తల్లికీ కొడుకుకీ యావజ్జీవ శిక్ష పడింది. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు నెలల తరబడి సాక్ష్యాలు విన్న కేసు అది. ఆ సాక్ష్యాలు చదివితే ఒక సంగతి మనసును తొలిచేస్తుంది. సాయం చేయవలసిన వ్యవస్థలన్నీ వాళ్లుండే మాంట్రియల్‌లో ఉన్నాయి. పోలీసులున్నారు, బాలల సంరక్షణ అధికారులున్నారు, బడిలో పట్టించుకునే టీచర్లున్నారు, షెల్టర్ కూడా ఉంది.

జైనబ్ ఏప్రిల్‌లో ఇంట్లోంచి పారిపోయి ఆ షెల్టర్‌లోనే తలదాచుకుంది. రెండు వారాలకు ఇంటివాళ్ల మాట నమ్మి తిరిగి వచ్చింది. ఆమె వెళ్లిన రోజే మిగతా పిల్లలు భయపడి పోలీసులకు ఫోన్ చేయించారు. వచ్చిన పోలీసులకు తమ భయాలు చెప్పారు కూడా. తండ్రి ఇంటికి వచ్చేసరికి నోళ్లు మూతపడ్డాయి. అంతకు ముందటి ఏడాది సహర్ విషయంలోనూ అంతే జరిగింది. బడివాళ్లు ఫిర్యాదు చేశారు, అధికారి వచ్చింది, కబురు తల్లిదండ్రులకు తెలిసింది, పిల్ల మాట మార్చింది, ఫైలు మూశారు.

మరి రోనా? ఫ్రెంచి మాట్లాడే నగరంలో ఆమె దరీలో డైరీ రాసుకుంది. ఆమె వీసా పొడిగింపు ఆ ఇంటివాళ్ల దయ మీద ఆధారపడి ఉంది. ఆమె తన గోడు చెప్పుకున్నది అమెరికాలో ఉన్న ఫహీమా వోర్గెట్స్ అనే అఫ్గాన్ మహిళా హక్కుల కార్యకర్తకు, ఫోన్లో. పోలీసుల దగ్గరకు వెళ్లమని ఫహీమా చెప్పింది. ఆ మాట చెప్పిన మనిషికి భాష తెలుసు, ఇంటి తీరు తెలుసు. కానీ మాంట్రియల్‌లో ఒక మంచం ఇప్పించే అధికారం గాని, వీసా మార్పించే దారి గాని ఆమె చేతిలో లేవు. అవి ఉన్నవాళ్లకు రోనా అనే మనిషి ఉన్నట్టే తెలియదు.

ఫార్సీ మాట్లాడే స్త్రీలకు గృహహింస నుంచి బయటపడటానికి ఏ దేశం ఏం చేస్తోందో సమీక్షించేటప్పుడు నేను పట్టుకున్న కొలబద్ద ఇదే. భాష తెలిసిన మనిషికీ, గదీ వీసా లాయరూ ఇప్పించగల మనిషికీ మధ్య ఎంత దూరం ఉంది? దుబాసీలను పెట్టాం, కరపత్రాలు అచ్చు వేశాం అని ప్రభుత్వాలు చెప్పే లెక్కల్లో ఈ దూరం కనిపించదు.

ముందుగా ఈ స్త్రీలు ఎవరో చూద్దాం. ఫార్సీ ఇరాన్‌ది, దరీ అఫ్గానిస్తాన్‌ది, తాజిక్ తాజికిస్తాన్‌ది. మూడూ ఒకే భాషకు రూపాలు. ఒకరి మాట ఒకరికి చాలావరకు అర్థమవుతుంది. కానీ టెహ్రాన్‌లో డిగ్రీ చదివి పెళ్లి వీసా మీద లండన్ వచ్చిన అమ్మాయికీ, బడి మొహం చూడకుండా అఫ్గానిస్తాన్‌లోని హజారా తెగ పల్లె నుంచి శరణార్థిగా వచ్చిన ముగ్గురు పిల్లల తల్లికీ పనికొచ్చే సాయం ఒకటి కాదు. రెండో ఆమెకు ఎంత చక్కగా అచ్చు వేసిన కరపత్రమైనా చదవడం రాదు. తాజిక్ స్త్రీకి చదువొచ్చినా లాభం లేదు, ఎందుకంటే తాజికిస్తాన్‌లో ఆ భాషను రష్యన్ లిపిలో రాస్తారు. అరబ్బీ లిపిలో ఉన్న ఫార్సీ కరపత్రం ఆమెకు గీతల్లాగే కనిపిస్తుంది. ఇంత చిన్న విషయం కూడా తెలియకుండా 'ఫార్సీ భాషా సేవలు' అని ఒకే డబ్బాలో వేసేసే కార్యాలయాలు తక్కువేమీ కాదు.

వెనక్కి వెళ్లిపోతే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. పుట్టిన దేశంలో ఏముందో వాళ్లు చూడాలి. ఇరాన్‌లో గృహహింస కోసం విడిగా చట్టం లేదు. స్త్రీలకు రక్షణ కల్పించే బిల్లు పదేళ్లకు పైగా చేతులు మారుతూ వచ్చి, 2023 ఏప్రిల్‌లో పార్లమెంటు సూత్రప్రాయంగా ఒప్పుకునేదాకా కదిలింది. ప్రభుత్వ సంక్షేమ సంస్థ నడిపే 123 నంబరు హెల్ప్‌లైన్, కొన్ని సురక్షిత గృహాలు ఉన్నమాట నిజమే. కానీ పౌర స్మృతి ప్రకారం కాపురం ఎక్కడన్నది నిర్ణయించేది భర్త. ప్రాణభయం ఉందని ఆమె కోర్టులో రుజువు చేసుకుంటే తప్ప, ఇల్లు వదిలిన భార్యకు భరణం పోతుంది. విడాకుల హక్కు అతనిది. ఆమె అడగాలంటే భరించలేని కష్టంలో ఉన్నానని నిరూపించుకోవాలి. బిడ్డకు ఏడేళ్లు నిండాక పెంపకం హక్కు మామూలుగా తండ్రిది. పెళ్లైన ఆడది పాస్‌పోర్టు తీసుకోవాలంటే మొగుడి సంతకం కావాలి. 2020లో గిలాన్ ప్రాంతంలో రోమినా అష్రఫీ అనే బాలికను తండ్రే చంపితే అతనికి పడింది తొమ్మిదేళ్ల జైలు. బిడ్డను చంపిన తండ్రికి మరణశిక్ష వర్తించదని అక్కడి శిక్షాస్మృతి చెబుతుంది.

అఫ్గానిస్తాన్ సంగతి మరీ దారుణం. 2009లో స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా అక్కడ చట్టం వచ్చింది. కాబూల్‌లోనూ ఇతర పట్టణాల్లోనూ ఆశ్రయ గృహాలు వెలిశాయి. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చేనాటికి ప్రభుత్వ అండతో నడిచే రక్షణ కేంద్రాలు 23 ఉండేవి. అవన్నీ మూతపడ్డాయి. మహిళా వ్యవహారాల శాఖ భవనంలోకి నీతి నియమాల పోలీసింగ్ చేసే శాఖ దిగింది. దెబ్బలు తిన్న స్త్రీకి అండగా నిలిచే మగ బంధువు లేకపోతే ఆమెను 'రక్షణ' పేరుతో జైలుకు పంపుతున్నారని ఐక్యరాజ్య సమితి ప్రతినిధి బృందం 2023 డిసెంబరులో ప్రకటించింది. ఇప్పుడు ఆ దేశపు స్త్రీకి షెల్టర్ అన్నది విదేశంలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

ఇక విదేశాల్లో దొరికేదేమిటి?

మొదటి మెట్టు ఫోన్. జర్మనీ 2013లో మొదలుపెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ ఈ విషయంలో మంచి పని చేస్తోంది. 116 016 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు, 18 విదేశీ భాషల్లో మాట్లాడవచ్చు. ఫార్సీ వాటిలో ఒకటి. కౌన్సెలర్ జర్మన్‌లో మాట్లాడుతుంటే దుబాసీ మూడో మనిషిగా లైన్లోకి వస్తుంది. ఇందులో పైకి కనిపించని మేలొకటుంది. ఆ దుబాసీ ఎక్కడో దూరాన ఉంటుంది, ఈమె ఊరి మనిషి కాదు. ఫార్సీ మాట్లాడేవాళ్లు ఒక నగరంలో కొన్ని వందల కుటుంబాలే ఉన్నప్పుడు, ఆసుపత్రికో పోలీస్ స్టేషన్‌కో వచ్చే దుబాసీ సాయంత్రానికి మామగారికి ఎదురుపడవచ్చు. ఆ భయంతో నోరు విప్పనివాళ్లు ఎందరో. ఇంకా ఘోరం ఏమిటంటే, దుబాసీ దొరకలేదని భర్తనే, పిల్లల్నే మాట చేరవేయమనడం. అమ్మను నాన్న ఎలా కొట్టాడో పదేళ్ల పిల్లాడు డాక్టరుకు జర్మన్‌లోనో ఇంగ్లీషులోనో చెప్పాలంటే, వాడేం చెబుతాడు? ఆ తల్లి వాడి ముందు ఏం చెబుతుంది? ఇది ఖర్చు ఆదా చేయడం అనిపించుకోదు; హింసలో చేయి వేయడమే.

ఫోన్ తర్వాత గది. ఇక్కడే దారి మూసుకుపోతుంది. బ్రిటన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే ఆడవాళ్ల ఆశ్రయ గృహాలు మొదటగా పేరు తెచ్చుకున్నది అక్కడే. 1971లో లండన్ చిజ్విక్‌లో ఎరిన్ పిజ్జీ తెరిచిన ఇంటితో. ఇవాళ బ్రిటన్‌లో రెఫ్యూజ్ అనే ఈ గృహాలు నడిచేది చాలావరకు గది అద్దె మీద. ఆ అద్దెను స్త్రీ తరఫున ప్రభుత్వ హౌసింగ్ బెనిఫిట్ కడుతుంది. అయితే చాలా వీసాలకు 'ప్రభుత్వ నిధులకు అర్హత లేదు' అన్న షరతు ఉంటుంది. ఆ షరతు ఉన్న స్త్రీ వస్తే గది ఖాళీగా ఉన్నా నడిపేవాళ్లు తటపటాయిస్తారు, అద్దె ఎవరు కడతారని. వాళ్లది రాతి గుండె అయి కాదు. ఆ అద్దె రాకపోతే కరెంటు బిల్లూ జీతాలూ కట్టలేరు. ఎముకలు విరిగాయా, పిల్లలు ఎందరు, ప్రాణభయం ఎంత అన్న ప్రశ్నల కన్నా ముందు ఆమె వీసా ఏ రకం అన్న ప్రశ్న వచ్చి నిలబడుతుంది.

ఈ గోడకు సందు పెట్టించింది సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ లాంటి సంఘాలే. 1979లో పశ్చిమ లండన్‌లో పుట్టిన ఆ సంఘం ఏళ్ల తరబడి పోరాడాక, 2012లో బ్రిటన్ పౌరుడినో అక్కడ స్థిరపడ్డవాడినో పెళ్లాడి వచ్చిన స్త్రీలకు మూడు నెలలు ప్రభుత్వ నిధులు వాడుకునే వెసులుబాటు వచ్చింది. ఆ మూడు నెలల్లో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవాలి. చెప్పుకోదగ్గ విజయం. కానీ మూడు నెలలంటే ఎంత? వచ్చిన మొదటి వారం నిద్రపట్టదు. పిల్లల బడి, డాక్టరు, పోలీసు వాంగ్మూలం, దెబ్బలకు రుజువులు, లాయరు... ఇవన్నీ తెలియని భాషలో. పక్కన కూర్చుని ఈ కాగితం ముందు, ఆ కాగితం తర్వాత అని ఫార్సీలో చెప్పే మనిషి ఉంటే గట్టెక్కుతుంది. లేకపోతే గడువు దాటిపోతుంది.

అలాంటి మనుషులున్న చోటు లండన్‌లో ఒకటుంది. ఇరానియన్ అండ్ కుర్దిష్ విమెన్స్ రైట్స్ ఆర్గనైజేషన్‌ను 2002లో డయానా నమ్మీ స్థాపించారు. ఇరాన్‌లోని కుర్దిస్తాన్‌లో పుట్టి, పెష్‌మెర్గా అనే కుర్దు సాయుధ దళంలో పన్నెండేళ్లు ఆయుధం పట్టి, 1996లో శరణార్థిగా బ్రిటన్ చేరినావిడ. ఫార్సీ, దరీ, కుర్దిష్, అరబిక్, తుర్కీ, పష్తో భాషల్లో అక్కడ సలహాదారులున్నారు. వాళ్లు మాట మార్చి చెప్పే దుబాసీలు కారు. కేసు వాళ్లదే. షెల్టర్‌కు ఫోన్ చేసేదీ, పోలీసులను నిలదీసేదీ, కోర్టుకు తోడు వెళ్లేదీ వాళ్లే. నేను పైన చెప్పిన దూరం ఇక్కడ బాగా తగ్గిపోయింది.

ఆ సంఘం పేరు దేశమంతా తెలిసింది బనాజ్ మహమూద్ హత్య తర్వాత. బనాజ్ ఇరాకీ కుర్దు పిల్ల, ఫార్సీ ఇంటిది కాదు. అయినా ఈ చర్చకు ఆమె కథ అవసరం. భర్త కొడుతున్నాడని కాపురం వదిలేసి, తను మెచ్చినవాడిని ప్రేమించిందని 20 ఏళ్ల అమ్మాయిని 2006 జనవరిలో సొంతవాళ్లే చంపించారు. అంతకు ముందు ఆమె ఐదుసార్లు పోలీసులకు మొర పెట్టుకుంది. తనను చంపబోయేవాళ్ల పేర్లు రాసి ఇచ్చింది. 2005 ఆఖరి రాత్రి తండ్రి చేతుల్లోంచి కిటికీ అద్దం పగలగొట్టుకుని, నెత్తురోడుతూ తప్పించుకుంటే, వచ్చిన పోలీసు అధికారి ఆమె నాటకమాడుతోందనుకుంది. ఈ అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు! భాష అడ్డం కాలేదు. బాబాయి, బంధువులు, కులపెద్దల్లాంటివాళ్లు కూర్చుని ఒక పిల్ల చావును తీర్మానం చేస్తారన్న సంగతి విన్న అధికారికి తలకెక్కలేదు. మన ఊళ్లలో కులాంతర వివాహం చేసుకున్నవాళ్లను చంపించిన కేసులు ఎరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే, భాష వచ్చిన మనిషి కావాలనడంలో ఆ ఇంటి పరువు లెక్కలు తెలిసిన మనిషి కావాలన్న అర్థం కూడా ఉంది. నేరం చేసి ఇరాక్‌కు పారిపోయిన ఇద్దరిని వెనక్కి రప్పించి శిక్ష వేసేదాకా ఈ సంఘం వదల్లేదు. 2010లో దేశంలోని 39 పోలీసు దళాల దగ్గర నమోదైన పరువు హింస ఘటనలు 2,823 అని సమాచార హక్కు కింద లెక్క తీయించినదీ వాళ్లే. ఇంగ్లండ్, వేల్స్‌లలో పెళ్లి వయసును 18కి పెంచిన 2022 చట్టం వెనకా వాళ్ల పోరాటం ఉంది.

ఇంత పని చేసే సంఘాలకు డబ్బు ఎప్పుడూ కటకటే. అందరు స్త్రీలకూ ఒకే సేవ చాలు, జాతికీ భాషకూ వేరే సంఘమెందుకు అన్న వాదన మునిసిపాలిటీల్లో తరచూ లేస్తుంది. పైకి సమానత్వంలా వినిపిస్తుంది. లండన్‌లోని ఈలింగ్ కౌన్సిల్ ఆ వాదనతోనే సౌతాల్ బ్లాక్ సిస్టర్స్‌కు నిధులు ఆపబోతే, 2008లో ఇద్దరు స్త్రీలు హైకోర్టుకు వెళ్లారు. కౌన్సిల్ వెనక్కి తగ్గింది. వెనకబడినవాళ్లకు విడిగా సేవ పెట్టడం సమానత్వానికి విరుద్ధం కాదని జడ్జి స్పష్టంగా రాశారు. ఆ తీర్పు ఉన్నా వాదన మాత్రం చావలేదు. పెద్ద సంస్థలు టెండర్లు గెలుచుకుంటాయి, చిన్న సంఘాలు వాళ్ల కింద ఉచితంగా దుబాసీ పని చేస్తాయి. నా దృష్టిలో ఇది అన్యాయం.

భయపెట్టేది మరొకటుంది. పోలీసులకు ఫిర్యాదు చేస్తే ఆమె వివరాలు ఇమిగ్రేషన్ శాఖకు చేరతాయా? బ్రిటన్‌లో చేరతాయి. దీనిమీద లిబర్టీ అనే పౌరహక్కుల సంస్థ, సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ కలిసి 2018లో, పోలీసు వ్యవస్థ తీరు మీద సంఘాలు వేయగల 'సూపర్ కంప్లయింట్' వేశాయి. దీనివల్ల బాధితులకు హాని జరుగుతోందని 2020 డిసెంబరులో పోలీసు తనిఖీ సంస్థలే ఒప్పుకున్నాయి. ప్రభుత్వం మాత్రం పూర్తి అడ్డుగోడ కట్టలేదు. 'పోలీసుల దగ్గరకు వెళ్తే నిన్ను దేశం నుంచి పంపేస్తారు' అని భర్త బెదిరించే మాటకు రాజ్యమే బలమిచ్చినట్టయింది. స్త్రీల మీద హింసకు సంబంధించిన ఇస్తాంబుల్ ఒప్పందాన్ని బ్రిటన్ 2022లో ఆమోదించినప్పుడు కూడా, వలస స్త్రీల నివాస హక్కు గురించిన 59వ అధికరణాన్ని పక్కనపెట్టింది. అదే అధికరణంపై తనకున్న అభ్యంతరాన్ని జర్మనీ 2023 ఫిబ్రవరిలో వదులుకుంది. అయినా అక్కడ పెళ్లయి మూడేళ్లు కలిసి ఉంటేనే భార్యకు సొంత నివాస హక్కు వస్తుంది. హింస ఉంటే మినహాయింపు ఉంది గాని రుజువు భారం ఆమెదే. కెనడా ఈ విషయంలో కాస్త నేర్చుకుంది. రెండేళ్లు కాపురం చేస్తేనే శాశ్వత నివాసం నిలుస్తుందన్న షరతును 2017లో రద్దు చేసింది. 2019 నుంచి కుటుంబ హింస బాధితులకు ఫీజు లేకుండా తాత్కాలిక నివాస పర్మిట్ ఇస్తోంది.

శరణార్థి స్త్రీల విషయంలో యూరప్ కోర్టులు ఈ మధ్య మంచి తీర్పులిచ్చాయి. గృహహింస బాధితురాలు శరణార్థి హోదాకు అర్హురాలు కాగలదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 జనవరిలో చెప్పింది. అఫ్గాన్ స్త్రీ విషయంలో ఆమె దేశం, ఆమె స్త్రీ కావడం, ఈ రెండూ చూస్తే చాలని అదే ఏడాది అక్టోబరులో తేల్చింది. ఒకే దరఖాస్తులో భర్త పేరు కింద నమోదైన భార్యకు ఇది ఎంత అవసరమో చెప్పలేం. విడిగా తన కేసు తను పెట్టుకోవచ్చని ఆమెకు ఎవరో ఒకరు ఆమె భాషలో, అతను లేని గదిలో చెప్పాలి.

చట్టం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో చూశాం. విక్టోరియా రాష్ట్రంలోని షెపర్టన్‌లో హజారా కుటుంబపు అమ్మాయి రుఖియా హైదరీ తనకిష్టం లేని పెళ్లి గురించి ఫెడరల్ పోలీసులతో మాట్లాడింది. అయినా 2019లో పెళ్లయింది. రెండు నెలలు తిరగకుండా పెర్త్‌లో భర్త చంపేశాడు. బలవంతపు పెళ్లి చేసినందుకు తల్లికి 2024లో మూడేళ్ల జైలు పడింది, ఆ దేశంలో ఆ నేరానికి మొదటి శిక్ష. ఆ తల్లి కూడా చిన్నతనంలో పెళ్లికూతురే. శిక్ష తప్పని నేననను. పెళ్లికి ముందు ఆ ఇంటికి హజారాల మాట హజారాగీ మాట్లాడే పెద్దావిడ ఎవరైనా పదిసార్లు వెళ్లి కూర్చుని ఉంటే ఖర్చు ఎంతయ్యేది?

బయటపడ్డాక కూడా ఇరానీ స్త్రీని వదలని ముడి ఒకటుంది. లండన్‌లోనో హాంబర్గ్‌లోనో కోర్టు విడాకులిచ్చినా ఇరాన్ లెక్కలో ఆమె ఇంకా అతని భార్యే, అక్కడి పద్ధతిలో విడాకులు నమోదయ్యేదాకా. జబ్బుపడ్డ తల్లిని చూడటానికి టెహ్రాన్ వెళ్తే, తిరిగి దేశం దాటకుండా అతను ఆపించగలడు. ద్వంద్వ పౌరసత్వాన్ని ఇరాన్ గుర్తించదు కాబట్టి చేతిలోని బ్రిటిష్ పాస్‌పోర్టు ఆదుకోదు. విడాకుల సంతకం పెట్టాలంటే మెహర్, అంటే భర్త ఆమెకు ఇవ్వవలసిన సొమ్ము, వదులుకోమని అతను బేరం పెడతాడు. ఆ మెహర్ పెళ్లిలో వందల బంగారు నాణేల లెక్కన రాసుకున్నది. 110 నాణేలు దాటిన బాకీకి జైలు బెదిరింపు లేకుండా 2013 చట్టం పరిమితి పెట్టింది. ఈ లెక్కలేవీ తెలియని లాయరు, విడాకుల కాగితం చేతిలో పెట్టి కేసు అయిపోయిందంటాడు. మన సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పిన వై. నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు గుర్తుకొస్తుంది. తిరుపతిలో పెళ్లి, అమెరికాలోని మిస్సోరీలో విడాకులు. ఆ విడాకులు ఇక్కడ చెల్లవంది కోర్టు. అక్కడ ఆ నియమం భార్యను కాపాడింది. ఇరానీ స్త్రీ విషయంలో అదే నియమం తిరగబడి ఆమెను కట్టేస్తోంది.

తెలుగువాళ్లకు ఈ చర్చ దూరమైనది కాదు. హెచ్-4 వీసా మీద అమెరికాలో ఉన్న భార్యకు, భర్త పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కానంతవరకు, 1994 నాటి మహిళా హింస నిరోధక చట్టం ఇచ్చే స్వయం దరఖాస్తు హక్కు లేదు. వర్క్ పర్మిట్ వస్తుంది, సొంతంగా నిలిచే హోదా రాదు. నేర బాధితులకిచ్చే యూ వీసాలు ఏడాదికి పదివేలే, క్యూ ఏళ్ల తరబడి. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది గాని, న్యూజెర్సీలో గది ఇప్పించడం దాని చేతిలో లేదు. ఆ పని అక్కడి మానవి, సఖి లాంటి దక్షిణాసియా సంఘాలు చేయాల్సిందే.

బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి ఆ మూడు నెలల వెసులుబాటును ఉద్యోగుల, విద్యార్థుల భార్యలకు కూడా విస్తరించారు. ఇరాన్ నుంచి పీహెచ్‌డీకి వచ్చినవాడి భార్యకూ, హైదరాబాద్ నుంచి ఐటీ ఉద్యోగానికి వెళ్లినవాడి భార్యకూ ఇప్పుడు రెఫ్యూజ్ గది అద్దె దొరుకుతుంది. శాశ్వత నివాసానికి మాత్రం దారి ఇవ్వలేదు. మూడు నెలలు గడిచాక ఆమె సొంతంగా ఇంకో వీసా సంపాదించుకోవాలి, లేదా ఎవరి నుంచి పారిపోయిందో ఆ మనిషి బంధువులున్న ఊరికి తిరిగి విమానం ఎక్కాలి. ఏళ్లుగా సంఘాలు అడుగుతున్నది వీసా రకంతో పని లేని ఒకే నియమం. ముందు ఆ నియమం రావాలి, దాన్ని ఫార్సీలోనూ తెలుగులోనూ వివరించే మనుషులకు జీతాలు ఆ బడ్జెట్లోనే రాయాలి.